ఆరడుగుల కట్టరు

పొదలు పెరిగిన ప్రతి చేను వెనకా ఒక దొంగ ఉంటాడని నా గట్టి నమ్మకం. ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో ఫైళ్లు తిరగేసినవాణ్ణి. వెంకటసుబ్బారావు కంటికి దొరక్కుండా ఎవడూ పోలేడని మా సెక్షన్లో అనేవారు. అన్నది ఎక్కువగా నేనే.

మైలవరం అవతల మా నాన్న వదిలిపోయిన నాలుగెకరాల్ని పదకొండేళ్లుగా సర్కారు తుమ్మకి అప్పగించేసి, గుణదలలో బీపీ మాత్రలు మింగుతూ కూర్చున్నాను. అలాంటిది, రీసర్వేకి వస్తున్నామని సర్వేయరమ్మాయి ఫోను చేసింది.

“ఆ పొదల్లోకి నేను రాలేనండీ. ఇరవయ్యో తారీఖులోగా కొట్టించండి. లేదంటే పక్క రైతులు చూపించిన హద్దే రాసుకుంటాను,” అంది.

పక్క రైతులు! తూర్పున రత్తయ్య, పడమర ఆదెమ్మ. నా చేనుని ఇద్దరూ చెరోవైపు నుంచి కొరుక్కుతింటూ ఉంటారు, అనుమానమే లేదు. ఆ పూట అన్నం సయించలేదు.

“జేసీబీ పెట్టిస్తే పూటలో అయిపోతుంది కదా,” అంది మా ఆవిడ రామతులసి.

మా బావమరిది దుర్గాప్రసాద్ ఒప్పుకోలేదు. “జేసీబీ వేళ్లతోపాటు హద్దురాళ్లు కూడా పీకేస్తుందక్కా. ఆ తర్వాత నోరున్నవాడిదే గట్టు. ట్రాక్టరు వెనక తగిలించే రోటరీ కట్టరైతే నేలకి జానెడు ఎత్తున కోసుకుపోతుంది, రాయి ఉన్నచోటే ఉంటుంది. మన పనయ్యాక అద్దెకిచ్చుకోవచ్చు,” అన్నాడు.

వాడు జన్మలో సరైన మాట చెప్పింది ఆ ఒక్కసారే.

ఆటోనగర్‌లో షాపు ముందు మూడు కట్టర్లు వరసగా పెట్టి ఉన్నాయి. నాలుగడుగులది, అయిదడుగులది, ఆరడుగులది. పైన రేకు, మధ్యలో గేరుబాక్సు, కింద గిరగిరా తిరిగే బ్లేడ్లు. దుర్గాప్రసాద్ ఒక్కొక్కదాన్నీ వేళ్లతో కొట్టి, చెవి పెట్టి విని, తల పంకించాడు. పుచ్చకాయ కొనేటప్పుడూ ఇలాగే చేస్తాడు. కోస్తే తెల్లగా ఉంటుంది.

“మొదళ్లు ఎంత లావున్నాయండీ?” అని అడిగాడు షాపు యజమాని జానకిరామ్.

నేను దుర్గాప్రసాద్ వైపు చూశాను.

“రాళ్లున్నాయా?”

వాడు నా వైపు చూశాడు.

“పోనీ, చేను ఆఖరుసారి ఎప్పుడు చూశారండీ?”

దానికీ కట్టరుకీ ఏమిటి సంబంధమని కసురుకున్నాను. కసిరాక తప్పక రత్తయ్యకి ఫోను చేశాను.

“నాలుగడుగులది వద్దండీ సుబ్బారావుగారూ, తుమ్మ తెగదు. అయిదడుగులది పొదలో ఇరుక్కుపోద్ది. ఆరడుగులదసలే వద్దు, మీది రాళ్ల నేల. అయినా ఎందుకండీ కొట్టించడం? పచ్చగా ఉంది. నెమళ్లొస్తన్నాయి,” అన్నాడు.

నెమళ్ల మీద ఎంత ప్రేమో! తూర్పు గట్టు ఎంత జరిగిందో నాకు ఫోనులోనే కనబడింది.

ఆదెమ్మ ఇంకో రకం. “ఏదో ఒకటి తెచ్చుకో బాబూ. పడమటి రాయి ఎక్కడుందో నాకు తెలుసు. ఎర్రగుడ్డ కట్టి ఉంచుతా, మిషను తగలకుండా తిప్పుకోండి,” అంది.

ఈవిడ మరీ ముదురు! తనకి కావలసినచోట గుడ్డ కట్టేసి, హద్దు అదేనంటుంది. మీరేం శ్రమపడకండమ్మా అని ఫోను పెట్టేశాను.

“రాయి తగిలినా విరగనిది కావాలి,” అన్నాను జానకిరామ్‌తో.

“అయితే ఆరడుగులదేనండీ. రాయి తగిలితే బ్లేడు వెనక్కి మడుచుకుంటుంది. కాకపోతే యాభై హెచ్‌పీ ట్రాక్టరుండాలి.”

ట్రాక్టరు అద్దెకి దొరికింది. కట్టరుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, పంతొమ్మిదో తారీఖున చేలో దించాం.

ముందు తూర్పువైపు పెట్టించాను. మధ్యాహ్నానికి రాయి బయటపడింది. రత్తయ్య మామిడి వరస దాన్ని దాటి ఆరు గజాలు నా చేలోకి వచ్చేసి ఉంది. ఇక నన్ను పట్టేవాడెవడు? “పొద చాటున తినేవాడు దొంగ! నెమళ్లట, నెమళ్లు!” అని ఊరంతా వినేలా కడిగేశాను. రత్తయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊపులోనే పడమరకి మళ్లించాను. అటు మా నాన్న నాటిన టేకు వరసే మా హద్దు. దానికి ఇరవై అడుగులు ఇవతలే, దట్టమైన పొద మధ్యలో, కట్టరు ఠంగుమంది. బ్లేడు మడుచుకుంది, విరగలేదు. దిగి చూస్తే, సర్వే గుర్తుతో సహా రాయి. అంటే టేకు వరసంతా ఆదెమ్మ నేలలో ఉంది.

“రాయి జరిగి ఉంటుందిలెండి బావగారూ,” అన్నాడు దుర్గాప్రసాద్.

కదిపి చూశాను. అణువంత కదల్లేదు. అటూ ఇటూ చూసి, కొట్టిన తుమ్మకంప కొంత దానిమీదికి కాలితో తోశాను. తోసింది నా కాలేనని తెలుస్తూనే ఉంది, ఆపలేదు.

తలెత్తేసరికి ఆదెమ్మ మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. కంపని చూసింది, నన్ను చూసింది.

“దొరికిందా బాబూ? టేకు నాటిన్నాడే మా ఆయన మీ నాన్నగారిని అడిగాడు. పొదలు కొట్టించాక రాయి చూసుకుందాంలే అన్నారు. మా ఆయన తను పోయేదాకా అడుగుతానే ఉన్నాడు. నువ్వు మిషను తెస్తన్నావంటే, ఇన్నాళ్లకి ఆ మాట తీరుద్దనుకున్నా.”

నాన్న ఆ పొద కొట్టించలేదు. నేనూ కొట్టించలేదు. మజ్జిగ తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

వెనక నుంచి రత్తయ్య నింపాదిగా అన్నాడు: “ఆరడుగులది వద్దని చెప్పానా అండీ?”

మర్నాడు సర్వేయరమ్మాయి వచ్చింది. తూర్పు హద్దు నేనే దర్జాగా చూపించాను. పడమరకి వచ్చేసరికి రత్తయ్య, దుర్గాప్రసాద్ ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

“ఇటు ఎవరు చూపిస్తారండీ?” అని అడిగింది ఆ అమ్మాయి.

టేకు వరస ఎదురుగానే ఉంది. వేలు చాపితే చాలు. నేను వంగి, కంప చేత్తో పట్టి పక్కకి లాగేశాను. అరచేతిలో ముళ్లు దిగాయి.

“ఆదెమ్మగారు చూపిస్తారమ్మా,” అన్నాను.

ఆవిడ దగ్గరికి వచ్చి, నడుముకి దోపుకున్న ఎర్రగుడ్డ తీసి, రాయికి కట్టింది.