ఆది చొక్కా

నేను ఒక అల్లిక మిషనును. ఈ మాట వినగానే మీలో సగంమంది కుట్టుమిషను అనుకొని ఉంటారు. మిగతా సగం, అదేమిటో మనకెందుకులే అని పుట తిప్పబోతూ ఉంటారు. ఆగండి. నాకు తొక్కే పలక లేదు, తిరిగే చక్రం లేదు. తలుపు చెక్కంత పొడుగుంటాను. నా వీపు మీద దువ్వెన పళ్లలా వరసగా సూదులుంటాయి. వాటి మీద ఒక ఇనుప పీట అటూ ఇటూ జారుతుంది. దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తోస్తే ఒక వరస స్వెట్టరు పుడుతుంది. ఎండాకాలంలో కోడిగుడ్లు గంపలోనే ఉడికిపోయే మన సీమలో స్వెట్టర్ల మిషనుకు ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానం మీకంటే ముందు నాకే వచ్చింది.

నేను పుట్టింది లూధియానాలో, మంచి చలికాలంలో. నన్ను బిగించిన సర్దారు నా వీపు తట్టి, "చల్లటి చోటికి పోతున్నావు, అదృష్టవంతుడివి" అన్నాడు. గడ్డి చుట్టి రైలెక్కించారు. రైలు పోతోంది, పోతోంది, ప్రతి స్టేషనుకూ ఎండ ముదురుతోంది. గుంతకల్లు చేరేసరికి నాకు పూసిన గ్రీజు కరిగి కింది పెట్టెలో ఉన్న మామిడికాయల మీద కారింది. ఆ కాయలు కొన్నవాళ్లకు ఏడాదిపాటు కీళ్లు కిర్రుమనలేదని చెప్పుకుంటారు. సరే, అది వాళ్ల అదృష్టం. నాకు మాత్రం ఆ రోజే మనిషి మాట మీద నమ్మకం పోయింది.

అయితే సర్దారు పూర్తిగా అబద్ధమేమీ చెప్పలేదు. మదనపల్లె దాపున కొండమీద, బడిపిల్లలకు ఎర్ర స్వెట్టర్లు అల్లే చిన్న కార్ఖానాలో నన్ను దించారు. అక్కడి చలి సంగతి ఏం చెప్పమంటారు! కోతులు కిటికీ బయట వరసలో నిలబడి కొలతలిచ్చేవి. ఒక కోతి అల్లుతున్న స్వెట్టరు చెయ్యి ఒకటి పెరుక్కొని పోయింది. దాని మునిమనవలకు ఈనాటికీ కుడిచెయ్యి ఎర్రగా ఉంటుంది. నమ్మనివాళ్లు కొండెక్కి చూసుకోండి.

అక్కడ నన్ను నడిపిన పిల్ల రెడ్డెమ్మ. అప్పటికి జడకు రిబ్బను కట్టే వయసు. ఆమె పీట తోస్తే ఆ చప్పుడుకు కింద నిలబడ్డ బస్సు కండక్టరు తన బస్సు కదిలిందనుకొని విజిలు ఊదేవాడు. తరువాత రెడీమేడు స్వెట్టర్లు లారీల్లో వచ్చిపడ్డాయి, కార్ఖానా మూతపడింది. మిషన్లను తలా ఒకటి పట్టుకుపొమ్మన్నారు. రెడ్డెమ్మ నన్ను తెచ్చుకుంది. ఆ ఏడే పెళ్లి. గోనెపట్టా చుట్టి నన్నూ అత్తవారింటికి పంపారు. పట్టా విప్పలేదు. పెళ్లికొడుకు ముఖం ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

వసారా మూలలో ఏళ్లకేళ్లు ఉన్నాను. నా మీద పచ్చడి జాడీలు పెట్టారు, టమోటా బుట్టలు పెట్టారు. ఒక కోడి నన్ను కాన్పుల ఆసుపత్రి చేసుకుంది.

మొన్నటి కార్తీకంలో ఒక పొద్దున రెడ్డెమ్మ వచ్చి పట్టా విప్పింది. జుట్టు నెరిసింది కానీ చేతులు గుర్తుపట్టాను. కిరసనాయిలు పోసి, పళ్లు తోమే బ్రష్షుతో ఒక్కొక్క సూదినీ తోమింది. మేకకు స్నానం చేయించి పసుపు రాసేది ఎందుకో మీకు తెలియదా? ఇదీ అంతే అనుకున్నాను. అనుకున్నట్టే అంతలో గేటు దగ్గర సైకిలు గంట మోగింది. పాత ఇనుము కొనే మునెప్ప. వాడు నన్ను చూసిన చూపు నేను ఈ జన్మలో మరిచిపోను.

"మంచి పోత ఇనుము అన్నా. ఈ కాలంలో రాదు" అన్నాడు.

అన్నది ఇంటి యజమానితో. చెంగల్రాయులు, రెడ్డెమ్మ మొగుడు. టమోటా మండీలో వేలంపాట పాడే మనిషి. తెల్లారకముందే మంచులో నిలబడి అరిచి అరిచి ఈ మధ్య గొంతు బొంగురుపోయింది. ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు గురగుర. పొట్ట మాత్రం నిండు బుట్ట.

"తోలకపో. జాగాకు అడ్డం" అన్నాడాయన.

రెడ్డెమ్మ బ్రష్షు పట్టుకొనే లేచి నిలబడింది. "అది నాది మామా. నేను మళ్లా అల్లతాను."

"యాడల్లతావు? చేతులు మొద్దుబారి ఎన్నేండ్లాయ! ఊరు నగుతాది."

"నగనీ. ఒక్క స్వెట్టరు అల్లి చూపిస్తా."

చెంగల్రాయులు పాటగాడు కదా, పందెం లేకుండా మాట్లాడలేడు. "సరే. ఒగటంటే ఒగటి. మనిషి తొడుక్కునేటట్ల వస్తే మిషను ఉంటాది. లేకుంటే పై ఆదివారం మునెప్ప బండెక్కతాది. ఇంతకీ ఎవురికి అల్లతావు?"

"ఎవురికో ఒగరికి. అల్లినాక చూద్దువు."

అక్కడే వచ్చింది చిక్కంతా.

మొదటి స్వెట్టరుకు ఏం కావాలి? ముందొక పలక, వెనకొక పలక, చేతులు రెండు. పూలు వద్దు, చారలు వద్దు. బూడిదరంగు ఊలు తెచ్చింది. ఇక కావలసింది కొలత. పక్కింటి షంషాద్ జాకెట్లు కుట్టే మనిషి. గోడ మీదుగా సలహా ఇచ్చింది.

"టేపు పట్టినావనుకో, మొగోళ్లు ఊరికే పసిగడతారు రెడ్డెమ్మక్కా. ఆది తెచ్చుకో. ఆది ఎప్పుడూ అబద్ధం చెప్పదు."

మన పక్క ఆడవాళ్ల పద్ధతి మీకు తెలిసిందే. దర్జీ దగ్గరికి మనిషి పోదు, ఒంటికి సరిపోయిన పాత జాకెట్టు పోతుంది. అదే ఆది. రెడ్డెమ్మ లోపలికి పోయి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక మగవాడి చొక్కా తీసుకొచ్చి నా సూదుల మీద పరిచింది. నీలి గళ్ల చొక్కా. కలరా ఉండల వాసన. సన్నటి భుజాలు, బక్క ఛాతీ.

నేను చెంగల్రాయుల్ని చూశాను, చొక్కాను చూశాను. ఆయన ఒక చెయ్యి దూరిస్తే అది నిండిపోతుంది. నా అనుమానం నిద్రలేచింది. ఎవరు వీడు?

ఇంత అనుమానంలోనూ పని పని. మొదటి రోజు మేమిద్దరం పరువు పోగొట్టుకున్నాం. ఊలు తెగింది, పీట ఇరుక్కుంది, అల్లిందంతా ఒక్కసారిగా జారి ఆమె ఒళ్లో పడింది. అల్లికను కిందికి లాగి పట్టే బరువులు ఎప్పుడో పోయాయి. వాటి బదులు రెండు పెద్ద తాళంకప్పలు, ఒక రోకలి వేలాడదీసింది. ఎంత అవమానమండీ, రోకలి! కానీ రెండోరోజుకు ఆమె చేతిలో ఆ పాత ఊపు తిరిగొచ్చింది. పీట పోతూ వస్తూ ఉంటే ఆమె పెదవులు వాటంతటవే వరసలు లెక్కపెట్టుకున్నాయి. అల్లిన పలకను మిషను మీద ఉండగా కొలవకూడదనీ, బరువుకు సాగి అబద్ధం చెబుతుందనీ, దించి ఒక రాత్రి పడుకోబెట్టాకే కొలవాలనీ ఆమె మరిచిపోలేదు. పొద్దున పలకను చొక్కా మీద పరిచింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఒక్కతే నవ్వుకుంది. ఆ నవ్వు చూసి నా అనుమానానికి కొమ్ములు మొలిచాయి.

ఆమె నీళ్లకు పోయిన సమయంలో చెంగల్రాయులు వచ్చాడు. చొక్కా చూశాడు. ఎత్తి పట్టుకున్నాడు. తన ఛాతీకి ఆనించుకున్నాడు. బొత్తాలకూ కాజాలకూ మధ్య ఒక జిల్లా అంత దూరం ఉంది.

"ఎవుడప్పా వీడు?" అన్నాడు. నన్నే అడిగాడు. నాకు తెలిస్తే కదా!

ఆ రోజు నుంచి ఆయనకు మండీలో మనసు నిలవలేదు. బక్కగా ఉన్న ప్రతివాణ్ణీ పైనుంచి కిందికి కొలిచాడట. పాలవాడు సన్నం, వాడి మీద అనుమానం. కరెంటు రీడింగు తీసేవాడు సన్నం, వాడి మీదా అనుమానం. చివరికి గోడ దగ్గర షంషాద్‌ను పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఆ గళ్ల చొక్కా ఎవురిది?"

"నాకేం తెలుసన్నా? నా దగ్గరికి ఊరందరి ఆదులూ వస్తాయి. ఆదికి పేరు రాసిపెట్టి ఉంటుందా?"

ఆ జవాబుతో ఆయనకు తిన్న సంగటి అరగలేదు. మర్నాడు రెడ్డెమ్మ పెరట్లో ఉండగా పిల్లిలా వచ్చాడు. నా మీదకు వంగాడు. నా నడుమ సూది ఒకటి పుటుక్కున ఊడబెరికి జేబులో వేసుకున్నాడు. ఎంత తెలివి! స్వెట్టరు చెడిపోతుంది, ఆ బక్కవాడికి చలి తప్పదు, నేను ఇనుపకొట్టుకు పోతాను. ఒక్క సూదితో మూడు పిట్టలు.

రెడ్డెమ్మ వచ్చి పీట తోసింది. నడుమ ఒక నిలువు గీత నిచ్చెనలా చీలుకుంటూ దిగింది. ఆగి వంగి చూసింది. ఖాళీ కనపడింది. అల్లికకు అక్కరలేని నా చివరి కొస నుంచి ఒక సూది లాగి నడిమి ఖాళీలో దూర్చింది. జారిన కుట్లను కొక్కెంతో ఒక్కొక్కటే పైకెత్తింది. తరువాత వీధి వైపు ఒకసారి చూసింది. మండీకి పోయిన మొగుడి గొంతు అక్కడి నుంచే వినపడుతున్నట్టుగా చూసింది.

ఆదివారం వచ్చింది. నాలుగు పలకలూ కలిపి కుట్టిన స్వెట్టరు మంచం మీద బుద్ధిగా పడుకొని ఉంది. మునెప్ప తోపుడు బండి చక్రం సందు మొదట్లోనే కిర్రుమంటోంది.

చెంగల్రాయులు మీసం మీద చెయ్యి వేశాడు. గొంతు బొంగురుగా ఉన్నా లేని దర్జా తెచ్చుకున్నాడు. "అల్లినావు. బాగుండాది. కాదనను. మనిషి తొడుక్కోవల్ల గదా? ఎవురికల్లినావో వాణ్ణి పిలువు. నేనూ చూడల్ల వాడి మొగం."

"పిలిచేదేంది?" అంది రెడ్డెమ్మ. "ఎదురుగానే ఉండాడు గదా. చేతులెత్తు మామా."

ఆయన నోరు తెరిచాడు. చేతులు మాత్రం వాటంతటవే పైకి లేచాయి. రెడ్డెమ్మ స్వెట్టరు తలమీదుగా దించింది. భుజాల దాకా వచ్చి ఆగింది. లాగింది. కదల్లేదు. చేతులు మోచేతుల దాకా దూరి అక్కడే ఇరుక్కున్నాయి. తల లోపలే ఉండిపోయింది.

"ఆ చొక్కా..." లోపలినుంచి మాట వచ్చింది, బావిలోంచి వచ్చినట్టు. "ఆ చొక్కా ఎవురిది మే?"

"నీదే మామా. పెండ్లయిన కొత్తలో తొడిగినావే, నన్ను మొదటిసారి సినిమాకు పిలుచుకొని పొయినప్పుడు. నువ్వు రోజూ తొడిగేది తీస్తే పసిగడతావని అది తీసినా. నా కంటికి నువ్వు ఆ కొలతలోనే ఉండావు. చూసుకోకుండా అల్లేస్తిని."

ఊలు లోపల తల అటూ ఇటూ తిరిగింది. తరువాత, "నేను అంత సన్నంగా ఉంటినా?"

"ఉంటివి. మంచులో నిలబడి దగ్గతా ఉండావని అల్లినా. కొనిస్తే తొడగవు, మండీలో నగుతారంటావు. నేనల్లితే కాదనవులే అనుకొంటి."

అప్పుడు జరిగింది అసలు సంగతి. పైకెత్తిన చేతులతో ఆయన ముందుకు వంగి గింజుకుంటుంటే చొక్కాజేబు తలకిందులైంది. అందులోంచి నా సూది జారి గచ్చు మీద టింగుమంది. రెడ్డెమ్మ వంగి తీసింది. చూసింది. కొంగు కొసన ముడివేసుకుంది. ఆ టింగు ఆయనకూ వినపడింది కాబోలు, ఊలు లోపల తల వంగింది.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకొని మునెప్ప వచ్చాడు. తల లేని మనిషి ఒకడు రెండు చేతులూ ఆకాశానికెత్తి వసారాలో నిలబడి ఉండటం చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. స్వెట్టరు తొడిగిన కోతుల్ని నేను చూశాను కానీ ఇటువంటిది నేనూ చూడలేదు.

"అన్నా... బండి తెచ్చినా... మిషను..."

అంతే! బొంగురుపోయిన గొంతు ఎక్కడికి పోయిందో, ఊలు సందుల్లోంచి మండీ అదిరే పాట ఒకటి లేచింది.

"అమ్మేది లేదు పోరా! అది పోతే నా కొలతకు ఎవురల్లతారు?"

మునెప్ప బండి తిప్పుకొని పోయిన వేగానికి సందులో కుక్కలు పక్కకు తొలిగాయి. గోడ అవతల షంషాద్ కొంగు నోట్లో కుక్కుకుంది. "చెప్తినా లేదా అక్కా, ఆది అబద్ధం చెప్పదని!"

"చెప్తివి. ఏ కాలం నాటి నిజమో చెప్పలేదు గదా!" అంది రెడ్డెమ్మ.

అల్లికలో ఉన్న గొప్ప ఏమిటంటే, చెడిన బట్టను కత్తిరించి పారెయ్యక్కరలేదు. కొస దొరికితే మొత్తం విప్పుకోవచ్చు. ఆ సాయంత్రం చెంగల్రాయులు రెండు చేతులూ చాచి కూర్చున్నాడు. రెడ్డెమ్మ స్వెట్టరు విప్పుతూ ఆ ఊలు ఆయన చేతులకు చుట్టింది. ఉతికి, బరువు కట్టి ఆరేసి, వంకరలు తీసింది. ఈసారి ఆదికి ఆయన ఒంటి మీది చొక్కానే విప్పి ఇచ్చాడు. నా సూదిని కూడా ఆయన చేత్తోనే కొసన ఉన్న ఖాళీలో దూర్పించింది.

అల్లుతూ వస్తే పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఊలు తరిగిపోతోందని తేలింది. బక్కవాడి ఊలు బొజ్జవాడికి చాలుతుందా? అదే రంగు మళ్లీ దొరకలేదు. రెడ్డెమ్మ వెదికి వెదికి, కొండమీద కార్ఖానా నాటి ఎర్ర ఊలు ఉండలు రెండు నా గోనెపట్టా మడతలోంచి తీసింది. వెనకా ముందూ పొట్ట చుట్టూ జానెడు ఎర్రపట్టీ వేసింది. మండీలో అందరూ నవ్వారట. ఆయన వాళ్లకంటే గట్టిగా పాట పాడాడట.

వాళ్లిద్దరి కాపురం ఎంతకాలమైందని ఎవరైనా అడిగితే, ఆ పట్టీ వెడల్పు చూసుకోమంటాను.

నా సంగతా? గేటు దగ్గర సైకిలు గంట మోగితే ఇప్పటికీ నా సూదులు ఉలిక్కిపడతాయి. ఆ బండెక్కే రోజు ఏదో ఒకనాడు రాకపోదు. ఈలోపల షంషాద్‌కు ఒకటి, పాలవాడికి ఒకటి అల్లాం. పాలవాడి స్వెట్టరు చెంగల్రాయులే అల్లించాడు, ఎందుకో మీకు తెలుసు.

ఆ గళ్ల చొక్కాను రెడ్డెమ్మ ఉతికి, మడత పెట్టి, మళ్లీ పెట్టె అడుగుకే చేర్చింది. చెంగల్రాయులు అప్పుడప్పుడు ఒంటరిగా పెట్టె తెరిచి దాన్ని ఎత్తి పట్టుకుంటాడు. ఆ బక్కవాడంటే తన పెళ్లానికి ఇంకా కాస్త ఎక్కువ ఇష్టమేమోనని ఆయన అనుమానం.

ఈ ఒక్క అనుమానంలో నేను కూడా ఆయన పక్షమే.