కావలివాడు, కుక్క, ఆదివారం ఆట

పుపూసాలనే మొక్కజొన్న రొట్టెలు కాల్చే మార్లేనె చెప్పిన మాట ఇది. తన మాట కాదట, వాడలోని పెద్దావిడ దోన్యా ఫిదెలీనా అన్న మాటట. ఒవీదియో ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు తలుపులు బిగించుకుని కూర్చుంటారట. బల్ల మీద పటం పరుస్తారట. ఈసారి ఎవరిని లేపెయ్యాలో రంగురాళ్లు దొర్లించి తేల్చుకుంటారట.

"పడ్డ అంకెను బట్టి మనిషి చస్తాడంట," అంటూ మార్లేనె చేతిలో మొక్కజొన్న ముద్దని చరిచి పెనం మీద వేసింది. "నేను నమ్మలేదులే. అయినా ఆవిడ నోరు నీకు తెలీదా? చల్లారిపోతోంది, తిను ముందు."

క్యాబేజీ ఊరగాయ నంజుకోబోయిన ఒవీదియో చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నలభై దాటినవాడు, పెళ్లీపెటాకులూ లేవు. ఇంటి ముందుగదిలో పాడైన వీడియోగేమ్ మిషన్లు బాగుచేస్తాడు. లా సెయిబిటా వాడలో ఏ పిల్లకాయ జాయ్‌స్టిక్ విరగ్గొట్టుకున్నా అతని గుమ్మంలోకే రావాలి. వారమంతా ఆ తీగలతో కుస్తీ. ఆదివారం మాత్రం ఆట. తెరమీద ఆట కాదు, నోటితో ఆడే ఆట. అతను కథ నడుపుతాడు. కోటలు కడతాడు, సొరంగాలు తవ్వుతాడు, వాటిల్లో రాక్షసుల్ని కూర్చోబెడతాడు. స్కూల్లో లెక్కలు చెప్పే నొయెమీ, సిటీబస్సు తోలే విల్బెర్ ఆ కథలోకి వేషాలేసుకుని దిగుతారు. కత్తి తగిలిందా తప్పిందా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. పదకొండేళ్లుగా ఒకే కథ సాగుతోంది, ఇంకా సగంలోనే ఉంది.

తప్పెక్కడ జరిగిందో అతనికి వెంటనే తట్టింది. పోయిన ఆదివారం ఆట మంచి పట్టులో ఉండగా ఆకలేసి, ముగ్గురూ మార్లేనె కొట్లో ఈ బల్ల దగ్గరికే వచ్చారు. ఒళ్లింకా వేడిగానే ఉంది. ఈ ఆట ఆడేవాళ్లకి ఒక జబ్బుంటుంది. ఆటలో నా మనిషి ఇలా చేశాడని ఎవరూ అనరు. 'నేను పొడిచాను' అంటారు, 'పోయిన నెల నేను చచ్చిపోయాను కదా' అంటారు.

"వచ్చే ఆదివారం ఆ కావలివాణ్ణి చంపెయ్యాల్సిందే," అంది నొయెమీ ఆరోజు, నోటినిండా తింటూ.

"కుక్క సంగతి చూడు ముందు," అన్నాడు విల్బెర్. "మొరిగిందంటే మన పని సఫా."

"కుక్కకి విషం నేను పెడతా. శవాన్ని బావిలో తోసేద్దాం, పూజారిని తోశాం చూడు, అలాగ."

ముగ్గురూ పగలబడి నవ్వారు. పక్కబల్ల దగ్గర దోన్యా ఫిదెలీనా కాఫీ తాగుతోంది. ఆవిడ నవ్వలేదు. అది ఇప్పుడు గుర్తొచ్చింది ఒవీదియోకి.

మూడేళ్ల క్రితమైతే ఇది నవ్వుకునే సంగతే. ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టాక వాడలో రౌడీముఠాలు మాయమయ్యాయి, పిల్లలు వీధిలో బంతాడుకుంటున్నారు, కాదనేవాడు లేడు. అయితే పేరు చెప్పకుండా ఎవరో ఒకరు పోలీసులకి ఫోను చేస్తే చాలు, వాళ్ల ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగుతుంది. విల్బెర్ బావమరిది రొట్టెలు కొనుక్కొస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు. ఇరవై నెలలైంది. ఏ జైల్లో ఉన్నాడో, అసలున్నాడో లేడో, ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ తెలీదు.

ఒవీదియో ఇంటికొచ్చి తలుపేసుకుని, విల్బెర్ బస్సు మీద ఉండటంతో నొయెమీకి కబురు పెట్టాడు. స్కూలు విడిచిపెట్టగానే చేతులకి సుద్దపొడి కూడా కడుక్కోకుండా వచ్చింది.

"నోటుబుక్కు ఏది?" అంది రావడంతోనే.

అల్మారాలోంచి తీశాడు. లావుపాటి బుక్కు, అట్ట ఊడితే సైకిలు ట్యూబు ముక్కతో అతికించాడు. ఆటలో ఎవరు చచ్చినా ఆ పేరు మీద ఎర్రగీత కొట్టి, తేదీ వేసి, చంపిందెవరో రాయడం వాళ్ల ఆనవాయితీ. నొయెమీ పేజీ తిప్పింది. 'కెప్టెన్ రోములో. మార్చి పద్నాలుగు. విషం. నొయెమీ.' ఇంకోటి తిప్పింది. 'కవల అన్నదమ్ములు, ఇద్దరూ. గొడ్డలి. విల్బెర్.' తన పేరు తానే చదువుకుని బుక్కు టప్పున మూసేసింది.

"ఒరేయ్ ఒవీ, కాల్చెయ్యరా దీన్ని."

"పదకొండేళ్ల కథే ఇది!"

"నాకు ముప్పైయేళ్ల జైలు పడుతుందిరా, ఇది ఆట అని ట్రక్కులో వచ్చే సార్జెంటుకి నచ్చజెప్పేసరికి. పటం చూడు, మన వీధి లాగే గీసి చచ్చావు!"

నిజమే. సొరంగాలు గీయడానికి వేరే ఊళ్లేవీ తెలియక, తను పుట్టిన సందులే గీశాడు. వీధి చివర ట్రక్కు మోత వినిపించింది. ఇద్దరూ మాటాపేసి గోడకి ఆనుకున్నారు. మోత దగ్గరైంది, కిటికీ అద్దం గలగలమంది. "గ్యాస్! గ్యాస్!" అన్న కేక వినబడ్డాక గానీ ఊపిరి తీసుకోలేదు.

తెరమీద ఆటలోనైతే ప్రమాదమనిపించిన చోట ఒక గుర్తు పెట్టుకుని, చస్తే మళ్లీ అక్కణ్ణించి మొదలెట్టొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. ఒవీదియో చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, పాచికలు జేబులో వేసుకున్నాడు, బుక్కు చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"ఫిదెలీనా అత్త దగ్గరికి. అన్నీ చూపించేస్తా."

"పిచ్చి ముదిరిందా? అది పట్టుకుని వీధిలోకా?" అంటూనే వెనకాల నడిచింది.

దోన్యా ఫిదెలీనా వాకిట్లో చిక్కుడుగింజలు ఏరుతోంది. వీళ్లని చూడగానే చేట ఒళ్లోకి లాక్కుంది.

"అత్తా, మేం ఎవర్నీ చంపడంలేదు," అన్నాడు ఒవీదియో. అన్నాక ఆ మాట ఎంత ఘోరంగా ఉందో తెలిసింది.

"అది మా అబ్బాయి రుతీలియోతో చెప్పు," అంది ఆవిడ. "ఇనప గోడౌనుకి వాడే కావలి. వాడికీ ఒక కుక్కుంది. విషం పెడతారట కదా?"

నొయెమీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కావలివాళ్లంటే ఆటలో వాళ్లకి పటం మీద ఒక చుక్క. రుతీలియో సంగతి ఎవరికీ తట్టలేదు.

ఒవీదియో నేలమీదే చతికిలబడ్డాడు. పాచికలు చేటలో వేశాడు. బుక్కు తెరిచి మంత్రగాళ్లని చూపించాడు, రెండు తలల బల్లిని చూపించాడు, దాని తెగిన తోక మీద కూడా ఎర్రగీతే ఉంది. నొయెమీ తన కత్తి పేరేమిటో, తనకెన్ని ప్రాణాలున్నాయో, పోయిన నెల కప్పలా ఎలా మారిపోయిందో చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చి, కళ్లు తుడుచుకుంటే మొహమంతా సుద్దపొడి అయింది.

ఫిదెలీనా బల్లి బొమ్మని దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత పాచికొకటి తీసి దొర్లించింది. గింజల మధ్య పద్దెనిమిది పడింది.

"ఏమవుద్ది దీనికి?"

"కొట్టేశావత్తా. బల్లి చచ్చింది."

"ఇంతేనా?" అంది ఆవిడ. "గడ్డాలు నెరుస్తున్నాయి, ఇంకా ఇవేనా మీకు ఆటలు! సిగ్గులేదూ!" పమిటలా కప్పుకున్న తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఒవీదియో బిగపట్టిన భుజాలు వదులయ్యాయి. నొయెమీ కూడా నవ్వింది, ముక్కు ఎగబీలుస్తూ.

"అయితే ఇంకెవరితోనూ అనవు కదత్తా?"

నవ్వు ఆగిపోయింది. ఆవిడ చేటలోంచి పాచికలు ఒక్కొక్కటే ఏరి అతని చేతిలో పెట్టింది.

"నేను సోమవారమే ఫోను చేశాను, నాయనా. ముగ్గురి పేర్లూ అడిగారు. చెప్పాను."

ఆరోజు బుధవారం.

"మళ్లీ చెయ్యత్తా," అంది నొయెమీ, ఆవిడ మోకాళ్లు పట్టుకుని. "పొరపాటైందని చెప్పు. ఇప్పుడే చెయ్యి, నీకు దణ్ణం పెడతాను."

"ఇప్పుడు చేస్తే, నువ్వెవరు, వాళ్లని ఎందుకు వెనకేసుకొస్తున్నావని అడుగుతారు. నాకున్నది ఒక్కడే కొడుకు. నేను చెయ్యను."