దానం పట్టిన నీలమ్మ

గురువారం పొద్దున విదేశీ అతిథులు వచ్చేలోపు చేయవలసిన పనులు ఇవి: మాదాపూర్ దారిలో గుంతలు పూడ్చాలి. డివైడర్లకు నలుపూ పసుపూ రంగులు వేయించాలి. పూలకుండీలు తెప్పించి రెండు పూటలా నీళ్లు పోయించాలి. గోడల మీది సినిమా పోస్టర్లు గీకించాలి. కుక్కలను పట్టించాలి. బిచ్చగాళ్లను ఎత్తించాలి.

"కుక్కల పక్కనే మనుషుల్ని రాసిన్రు సార్" అన్నాను.

పార్థసారథి గారు నవ్వారు. "వరసదేముందయ్యా నరేందర్, పని అవ్వాలి గానీ."

ఆయన మా మున్సిపల్ ఆఫీసులో నాకు పై అధికారి. భీమవరం వైపు నుంచి వచ్చి మాదాపూర్‌లో ఇల్లు కట్టుకున్నారు. కఠినుడేమీ కాదు. నేను తాత్కాలిక ఉద్యోగిని. మా నాయన చందానగర్ మార్కెట్‌లో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కడినే. ఆ ఉద్యోగం మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు.

అడుక్కోవడం నేరమనే చట్టం కొత్తది కాదు. చాలా ఏళ్లుగా ఉన్నా ఎవరికీ పట్టలేదు. గుట్టలు పగలగొట్టిన చోట కంప్యూటర్ కంపెనీల అద్దాల మేడ లేచాక, దాని ముందు చెయ్యి చాచేవాళ్లు కనబడకూడదని బయటికి తీశారు. పట్టుకున్నవాళ్లను కోర్టులో నిలబెట్టి, బిచ్చగాళ్లను ఉంచే సర్కారు హోముకు పంపుతారు. అడుక్కుంటుండగా చూశానని ఒక సాక్షి సంతకం పెడితే చాలు.

మాదాపూర్ బస్టాపు పక్కన నీలమ్మ కూర్చునేది. ఒకప్పుడు ఆ గుట్టల్లోనే రాళ్లు కొట్టింది. కుడిచేతి వేళ్లు రెండు అక్కడే పోయాయి. మొగుడూ పోయాడు, క్వారీ మూతపడింది. ఆమె ధర్మం అని అరవదు. దగ్గరికొచ్చిన వాళ్లను "బిడ్డా, ఇయ్యాల ఏం కూర?" అని అడుగుతుంది. మెడలో కంపెనీ కార్డులు వేసుకున్న పిల్లల్లో కొందరు చిల్లర వేసేవాళ్లు. కూర పేరు చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. నేను చెప్పేవాణ్ణి.

సోమవారమే ఆమెను హెచ్చరించాను. "అవ్వా, నాలుగు రోజులు ఇటు రాకు. పోలీసు బండి తిరుగుతది."

"ఏడికి పోవాలె కొడుకా? ఇంటికాడ గోడలతోని ముచ్చట పెట్టాల్నా?"

"నవ్వులాట కాదవ్వా. పట్టుకపోతరు."

"సరే తియ్, గంత పరేషాన్ గాకు" అంది. రెండు రోజులు రాలేదు.

బుధవారం సాయంత్రం సూర్యగ్రహణం పట్టింది. ఆఫీసులో సగం మంది ముందే ఇళ్లకు పోయారు. పూలకుండీల లెక్క ఒప్పజెప్పడానికి నేను పార్థసారథి గారి ఇంటికి వెళ్లాను. గ్రహణం విడిచి, విడుపు స్నానాలయ్యాయి. ఆయన భార్య ఉమాశ్రీ గారు తడి జుట్టుతో గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో చేట, అందులో బియ్యం, మినుములు, ఒక పాత చీర.

"నరేందర్ గారూ, దానం పట్టేవాళ్లెవరైనా కనిపించారాండి? పోయినసారి వద్దన్నా వచ్చారు. ఈసారి వీధిలో ఒక్కరూ లేరు. గ్రహణం దానం ఇంట్లో ఉంచుకోకూడదండి, పిల్లలున్న ఇల్లు."

ఆ వీధిలోనే కాదు, పక్క వీధిలోనూ గేటుగేటుకూ చేటలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. పుచ్చుకునే మనుషుల్నందరినీ మేమే ఎత్తించాం.

అంతలో మూలమలుపు నుంచి నీలమ్మ వచ్చింది. గ్రహణం రోజున దానం పట్టడం వాళ్ల అత్తగారి కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ ఒక్క రోజు తనను ఎవరూ పొమ్మనరని ఆమె నమ్మకం.

"ఇదిగో, పెద్దమ్మా! ఇటు రా!" అని ఉమాశ్రీ గారు గట్టిగా పిలిచారు.

నీలమ్మ కొంగు పట్టింది. చేట వంచారు. "సల్లగుండు తల్లీ, నీ పిల్లలకు ఏ పీడా రావద్దు" అంటూనే ఉంది, బండి వచ్చి ఆగింది.

కానిస్టేబుల్ లింగయ్య దిగాడు. "ఏం ముసల్దానా, గిట్ల దొంగతనంగ తిరుగుతున్నవా? ఎక్కు."

"నేనడిగిన్నా? ఆ తల్లే పిలిచింది."

"అవునండి, నేనే పిలిచాను" అన్నారు ఉమాశ్రీ గారు.

ఆ గొంతులకు పార్థసారథి గారు బయటికి వచ్చారు. చేట వైపు చూశారు, బండి వైపు చూశారు. "నువ్వు లోపలికెళ్లు" అన్నారు భార్యతో. ఆవిడ కదలలేదు. "రేపు పొద్దున అతిథులయ్యా నరేందర్. సాక్షి సంతకం పెట్టేయ్, ఒక పనైపోతుంది."

"సార్, ఆమె అడుగంగ నేను చూడలేదు."

"రోజూ అడుక్కునేదే కదా?"

"రోజూ అడుగుతది సార్. అడిగితే నేరమెట్లయితది? ఈ ఉద్యోగం కోసం నేను మీ గేటు ముందల ఎన్నిసార్లు నిలబడిన? మీరు నన్ను బండెక్కించలేదు గద."

ఆయన ముఖం ఎర్రబడింది. "అదీ ఇదీ ఒకటేనా?"

"ఆకలి ఒకటే సార్. ఇష్టం లేకుంటే ఇయ్యకున్రి. అడిగే నోరు ముయ్యొద్దు."

లింగయ్య దారిన పోయే ఆటో డ్రైవరును ఆపి సంతకం పెట్టించుకున్నాడు. నీలమ్మ కొంగు బిగించి పట్టుకుని బండెక్కింది. మెట్టు ఎత్తుగా ఉంటే నేనే రెక్క పట్టి ఎక్కించాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు.

నెలాఖరుకు నా ఉద్యోగం పోయింది. మా నాయన రాత్రిపూట కూడా బస్తాలు మోయసాగాడు. బస్టాపు దగ్గర ఊరికే నిలబడి చూశాను. బస్సులు వచ్చేవి, కార్డులు వేసుకున్న పిల్లలు దిగేవాళ్లు, ఆమె కూర్చున్న చోట పూలకుండీ ఉండేది. చెయ్యి చాచేవాళ్లు ఎవరూ లేరు. ఆ దారిలో అంత ఒంటరితనం నాకు అంతకుముందు ఎన్నడూ తెలియలేదు.

ఆమెను విడిపించాలని కోర్టు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి హోముకు వెళ్లాను. నీలమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. తెల్ల చీర కట్టించారు.

"నా పూచీ మీద ఇడిచిపెట్టుమని అర్జీ ఇచ్చిన అవ్వా. నాకు నౌకరీ లేదని ఒప్పుకుంటలేరు."

"ఫికర్ జెయ్యకు కొడుకా. బువ్వ పెడ్తున్రు. గంట కొడ్తరు, తింటం, పంటం. ఎవ్వల్ని ఏమీ అడిగే పని లేదు. ఎవ్వలూ నన్ను ఏమీ అడుగరు." నా వైపు జరిగి అడిగింది. "ముసల్ది ఏడ వోయిందని అక్కడ ఎవలన్న అడిగిన్రా?"

ఒక్కరైనా అడిగారేమోనని గుర్తు చేసుకున్నాను. ఎవరూ లేరు. ఆమె నా ముఖం చూసి, "పోనీ తియ్" అని అటు తిరిగింది.

మళ్లీ వెళ్లేసరికి ఆమె లేదు. చలికాలంలో జ్వరమొచ్చి పోయిందని చెప్పారు.

ఇది చదివినవారికి నాదొక్కటే మనవి. నీలమ్మ అనే మనిషి మాదాపూర్ బస్టాపు పక్కన ఉండేదని గుర్తు పెట్టుకోండి. ఆమె ఏమైందని అడిగినవాళ్లలో మీరూ ఒకరు కండి.