తిరగని కప్పీ

పొద్దున్నే తాళం తిప్పగానే కారు కెవ్వుమంది. అది రోజూ ఉన్నదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లోపల ఎక్కడో బెల్టు జారి గొంతు చించుకుని అరుస్తుంది. వీధి మలుపు తిరిగేదాకా అరిచి, తర్వాత దానంతటదే సర్దుకుంటుంది. పైన బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడ్డ భర్త కిందికి వంగి, ఇరుగుపొరుగులకి కూడా వినపడేలా, "బయల్దేరారండీ అమ్మగారు! ఇక ఎవరూ అలారం పెట్టుకోనక్కర్లేదు," అన్నాడు. పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ నవ్వింది. స్టీరింగ్ పట్టుకుని ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే సాయంత్రం "నీకు సరదా అంటే ఏమిటో తెలీదు" అనే మాట పడాలి. ఆ మాట పడటం కంటే నవ్వెయ్యడమే తేలిక.

ఈ అరుపుకి మందు బెల్టు మార్చడమేనని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. ఆయన దేన్నయినా అలాగే తేలుస్తాడు, కుర్చీలోంచి లేవకుండా. బెల్టు మార్చారు. నాలుగు రోజులు నోరు మూసుకుని మళ్లీ మొదలు. ఇంకోటి మార్చారు, అదీ అంతే. తప్పు బెల్టుది కాదని, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌లో స్ప్రింగు అలిసిపోయిందని ఆమెకు అనుమానం. అరుపుకి ముందు టకటకమని ఒక చిన్న చప్పుడు వస్తుంది, రోజూ నడిపేవాళ్లకి తప్ప అది వినపడదు. నిన్న భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే ఆయన పళ్లెంలోంచి తలెత్తకుండా, "అబ్బో, మెకానిక్కమ్మ!" అన్నాడు. అత్తగారు ఫక్కున నవ్వారు.

"సరే, ఆ టెన్షనరేదో నువ్వే వేయించు. చవకది చూడు. ఆదివారం బండి చూడ్డానికి మనిషొస్తున్నాడు. వాడు తిప్పి చూసేంతసేపు అరవకుండా ఉంటే చాలు."

"ఏ మనిషి?"

"కొనే మనిషి. ఇంకా ఎన్నాళ్లు మోస్తాం ఆ డొక్కుని? పొద్దున నేనే దింపుతా, సాయంత్రం నేనే ఎక్కించుకొస్తా. మహారాణిలా వెనక కూర్చుందువు గాని."

వెనకే ఎందుకంటే, ఆయన కొత్త కారులో ముందు సీటు మీద ఎప్పుడూ అత్తగారి మందుల సంచి ఉంటుంది. ఆమె గిన్నెలు తీసి సింకులో వేసింది.

ఆ కారు ఆమెది. పెళ్లికి ముందు, తను పనిచేసే ల్యాబులో పెద్ద డాక్టరు దాన్ని అమ్మేస్తుంటే తన జీతంతో కొనుక్కుంది. అప్పటికే అది పాతది. ఆమెది ఎక్స్‌రే తీసే పని. పగలంతా ఒక చిన్న గదిలో, అద్దం వెనక నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం చెబుతుంది. "గాలి గట్టిగా పీల్చండి. బిగబట్టండి. కదలొద్దు. ఇక వదలండి." ఆ చివరి మాట తనకు చెప్పేవాళ్లెవరూ లేరు గనక, సాయంత్రం ఇంటికి చేరాక, మెట్లెక్కే ముందు తనే తనకు చెప్పుకునేది. ప్రహరీ గోడ పక్కన కారు నిలిపి, ఇంజిన్ ఆపకుండా, అద్దాలెత్తి, ఏసీ పెట్టుకుని, సీటు వెనక్కి వాల్చి కళ్లు మూసుకునేది. పాటలు కూడా వద్దు. కాసేపు, అంతే. ఆ కాసేపట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆయన కళ్లజోడు ఎక్కడుందో, అత్తగారి వేడినీళ్ల సంచి ఎక్కడుందో, పొద్దున తను తాగుదామని కలుపుకున్న కాఫీ ఎక్కడ పెట్టి మర్చిపోయిందో ఏదీ గుర్తుచేసుకోనక్కర్లేదు.

అది ఆయన కంట పడింది. "కిందే కూర్చుని ఏం చేస్తుంటావు?" అన్నాడు. "ఊరికే," అంది. "ఊరికే అంటే?" ఊరికే అన్నదానికి అర్థం ఏం చెబుతుంది? ఆ తర్వాత అది ఇంట్లో ఒక వేడుకైపోయింది. "మీ ఆవిడ ధ్యానంలో ఉంది రా," అనేవారు అత్తగారు. "పైన ఇల్లుంది కదా, దేనికమ్మా ఆ డబ్బాలో?" అని జాలిపడేవారు కూడా. ఆయన మాత్రం ఒకటి రెండుసార్లు కిందికి దిగొచ్చి, అద్దం మీద వేలితో టకటక కొట్టి, నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత ఒకసారి సర్వీసింగ్‌కి బండి ఆయనే తీసుకెళ్లాడు. ఎన్నడూ లేనిది, అడక్కుండానే. ఆమె సంతోషపడింది కూడా. తిరిగొచ్చిన బండిలో ఏసీ లేదు. "కంప్రెసర్ పోయిందట. ఇంత పాత బండికి కొత్త కంప్రెసర్ వేయించడం బుద్ధున్నవాడెవడూ చెయ్యడు," అన్నాడు. ఆమె తలూపింది. న్యాయమే అనిపించింది.

ఇక ఎండాకాలంలో ఆ కారు పెనంలా కాలేది. అందులో ఆగి కూర్చునే మాటే లేదు. బండి ఆపీ ఆపగానే తలుపు తోసుకుని దిగి, గబగబా మెట్లెక్కేది. "ఇప్పుడు చూడు, ఎంత వేళకొస్తున్నావో!" అని ఆయన ఒకరోజు మెచ్చుకున్నాడు. ఇంకోరోజు, "ముందు స్నానం చేసి రా, అమ్మకి ఆ వాసన పడదు," అన్నాడు. ల్యాబు సంచిలో మరో జత బట్టలు పెట్టుకుని వెళ్లడం అప్పుడే అలవాటైంది. ఒక మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర కళ్లు బైర్లు కమ్మితే, ఎలాగో బండి పక్కకి తీసి పేవ్‌మెంటు మీద చతికిలపడింది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ నీళ్ల సీసా చేతిలో పెట్టి, మొహం తుడిచింది. ఇంటికొచ్చి చెబితే, "నీళ్లు తాగవు, చెబితే వినవు," అన్నాడు ఆయన. అదీ నిజమే కాబోలనుకుంది. అయినా ఆ బండిని వదులుకోవాలని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు. చెమటలు కక్కుతూనైనా, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అందులో ఉన్నది తనొక్కతే. ఆదివారం తర్వాత అదీ ఉండదు.

మధ్యాహ్నం సెలవు పెట్టి షెడ్డుకి వెళ్లింది. "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు మెకానిక్. అతను ఎప్పుడూ మొదట అడిగేది అదే. బానెట్ ఎత్తి, పాత టెన్షనరూ బెల్టూ విప్పి, కవర్‌లో వేసి చేతికిచ్చాడు. "ఎదురుగా స్పేర్ పార్ట్స్ షాపులో ఇది చూపించి కొత్తది తెండి. అనుమానమొస్తే సార్‌కి ఫోన్ చెయ్యండి."

షాపాయన కవర్‌లోంచి టెన్షనర్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వెనక అరలోంచి రెండు డబ్బాలు దించి బల్ల మీద పెట్టాడు.

"ఏసీ ఉన్న బండా అమ్మా, లేనిదా?"

"ఉంది. కానీ పనిచెయ్యదు."

"చెయ్యకపోతే పోయింది, ఉందా లేదా చెప్పండి. రెండిటికీ టెన్షనర్లు వేరు." అంతలో బెల్టు బయటికి లాగి, గోడకి వేలాడుతున్న ఇంకో బెల్టు పక్కన పట్టుకుని చూసి, మొహం చిట్లించాడు. "ఇదేంటి, బెల్టేమో ఏసీ లేని బండిది, టెన్షనరేమో ఏసీ బండిది. పొట్టి బెల్టు వేసి దీన్ని లాగి కట్టేశారు. అరవక ఏం చేస్తుంది?"

"పొట్టి బెల్టు ఎందుకు వేస్తారు?"

"ఏసీ కంప్రెసర్‌ని తిప్పే కప్పీని తప్పించాలంటే వేస్తారు."

"ఏసీ పాడైతేనా?"

"పాడైతే వేస్తారు, వద్దనుకున్నా వేస్తారు. నన్నడిగితే ఎలా అమ్మా, వేసినవాణ్ణి అడగండి."

"ఈ రెండూ పక్కన పెట్టండి," అని ఆమె రోడ్డు దాటి వెనక్కొచ్చింది.

బానెట్ ఎత్తే ఉంది. వంగి చూసింది. బెల్టు రోజూ ఒరుసుకుని కప్పీలన్నీ నున్నగా మెరుస్తున్నాయి. కిందివైపు ఒక్కటి మాత్రం తుప్పుపట్టి ఉంది. దాని గాడిలో సాలెగూడు. వేలు పెట్టి నెట్టింది. గూడు తెగింది, కప్పీ చప్పుడు లేకుండా గుండ్రంగా తిరిగింది.

"కంప్రెసర్ పోయిందన్నారుగా?"

"ఎవరన్నారు మేడమ్? దానికేం, బాగానే ఉంది. వైరు పీకి, బెల్టు తప్పించామంతే. ఇన్నాళ్లు వాడలేదు కాబట్టి గ్యాస్ నింపాలి." మెకానిక్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆమె మొహం చూసి ఆగాడు. "సార్ మీకు చెప్పలేదా?"

"ఎందుకు తప్పించారు?"

అతను నీళ్లు నమిలాడు. "అంటే... ఏసీ ఉంటే మా ఆవిడ బండి దిగదయ్యా, అందులోనే కూర్చుంటుంది, తీసెయ్ అన్నారు. నవ్వుతూనే అన్నారు మేడమ్. మీకు తెలుసనుకున్నా."

ఆమె పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ముందు సిగ్గేసింది. ఈ షెడ్డులో అందరికీ తెలిసిన సంగతి, తనొక్కతికే తెలియదు. ఆనాడు తను తలూపడం గుర్తొచ్చింది. బుద్ధున్నవాడెవడూ చెయ్యడు అనగానే, నిజమే సుమా అని ఎంత బుద్ధిగా ఊపింది! సిగ్నల్ దగ్గర పడబోయిన రోజున ఆయన మొహం ఎలా ఉందో గుర్తుచేసుకోవాలని చూసింది. ఏదైనా ఒక ముడత, ఒక తడబాటు, ఏదైనా ఉండి ఉంటుందని వెతికింది. ఏమీ లేదు. నీళ్లు తాగవు, చెబితే వినవు. ఆ తర్వాత టీవీ చానెల్ మార్చాడు. స్నానం చేసి రమ్మన్నప్పుడు, వేళకొస్తున్నావని మెచ్చుకున్నప్పుడు, ఆ మెప్పుకి తను పిచ్చిదానిలా సంతోషించినప్పుడు, అన్నిసార్లూ ఆయనకు తెలుసు. కొట్టే మొగుడు కాదు, తాగే మొగుడు కాదు, అదృష్టవంతురాలివని పుట్టింటివాళ్లంతా అంటారు. నిజమే. ఆయన చేసిందల్లా ఒక పొట్టి బెల్టు వేయించడం. దీన్ని ఎవరికి చెప్పుకుంటే అర్థమవుతుంది? "ఏసీ కోసం ఇంత రాద్ధాంతమా?" అంటారు. లాగి కట్టింది వాళ్లే, అరిస్తే తప్పు బెల్టుదే అన్నది వాళ్లే అనుకోగానే, ఆ టెన్షనర్‌లో తన కథేదో కనపడబోయింది. వద్దులే అని ఆపేసుకుంది. ఇనుప ముక్కకి నొప్పి తెలియదు. తనకు తెలిసింది.

"సార్‌కి ఓసారి ఫోన్ చేద్దామా మేడమ్?" అన్నాడు మెకానిక్ నెమ్మదిగా. "ఏసీ లేనిదానికి వేసే టెన్షనర్ తెస్తే ఇప్పుడే అయిపోతుంది. ఆదివారం బండి కొనడానికొచ్చే పార్టీకి అది చాలని సార్ పొద్దున చెప్పారు కూడా."

అంటే ఇతని చెవిన వెయ్యాల్సిందంతా ఆయన ముందే వేసి ఉంచాడు. ఆమె లేచి బట్టలు దులుపుకుంది.

"ఏసీ బండిది తెస్తాను. పొడుగు బెల్టూ తెస్తాను. వైరు కలపండి, గ్యాస్ నింపండి."

"సార్ ఏమన్నా అంటే?"

"ఈ బండి సార్ నడపరుగా."

షాపాయన ఏసీ బండి రకంలోనే రెండు చూపించాడు, ఒకటి చవకది, ఒకటి కంపెనీది. "బండి అమ్మేస్తారా, ఉంచుకుంటారా? అమ్మేసేటట్టయితే ఈ చవకది చాలు, మీ చేతిలో ఉన్నన్నాళ్లు లాగుతుంది." అతను మామూలుగా, అందరినీ అడిగినట్టే అడిగాడు. కానీ ఈ ఇంట్లో, ఈ పెళ్లిలో, ఈ ప్రశ్న ఇంతవరకూ తనని ఎవరూ అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఉంచుకుంటాను," అని కంపెనీ డబ్బా దగ్గరికి లాక్కుంది.

పనయ్యేసరికి సాయంత్రమైంది. తాళం తిప్పితే బండి గుటక మింగినంత చప్పుడు కూడా చెయ్యలేదు. దారిలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించింది. ఇంటి గేటు దగ్గర రోజూ కొట్టే హారన్ కొట్టలేదు. ప్రహరీ గోడ పక్కన నిలిపి, అద్దాలెత్తి, ఇన్నాళ్లూ వెలగని ఆ మీట నొక్కింది. చిన్న దీపం వెలిగింది. ముందు దుమ్ము వాసన వచ్చింది. తర్వాత మొహానికి, మెడకి, చెమట పట్టిన చేతులకి చల్లగా తగిలింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఎంత చిన్న సుఖం ఇది, దీన్ని కూడా ఓర్వలేకపోయాడే అనిపించి ఇంకా ఏడ్చింది.

ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? అమ్మ కాఫీ అడుగుతోంది."

"కిందే ఉన్నాను."

"ఎప్పుడొచ్చావ్? చప్పుడే లేదే! అయితే వేయించావన్నమాట. చవకదేగా?"

"కాదు. ఆదివారం ఆ మనిషిని రావొద్దనండి. బండి అమ్మను."

"అమ్మను ఏంటి? సరే, ముందు పైకి రా, మాట్లాడదాం. ఆ ఉక్కలో కూర్చుని ఏం చేస్తున్నావ్?"

"ఇక్కడ ఉక్కగా లేదండీ," అంది.

ఫోన్‌లో టీవీ వినపడుతోంది, అత్తగారు "ఏమంటోంది రా?" అని అడగడం వినపడుతోంది. కాసేపటికి పైన బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆయన కిందికి వంగి చూశాడు. మూసిన అద్దాలు చూశాడు, బండి కింద నేల మీద చుక్కచుక్కగా పడుతున్న ఏసీ నీళ్లు చూశాడు.

ఆమె ఫోన్ పెట్టేసి, సీటు వెనక్కి వాల్చింది. పైకి ఎప్పుడు వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో తేల్చుకోవడానికి ట్యాంకు నిండా పెట్రోలు ఉంది.