గోడ మీది నంబరు

తడి గోనెసంచిలోంచి తునికాకు తీసి, ఒక్కో ఆకు మీద కొలత రేకు పెట్టి, దాని అంచు వెంట కత్తెర ఆడిస్తోంది వినోద. రాత్రి నానబెట్టిన ఆకును పొద్దెక్కకముందే కత్తిరించుకోవాలి, లేకపోతే పెళుసెక్కుతుంది. పెళుసు ఆకుతో చుట్టిన బీడీలను కార్ఖానాలో ఏరి పక్కన పారేస్తారు. అరుగు మీద ఆమెకు అటొకరూ ఇటొకరూ చేటలు ఒళ్లో పెట్టుకుని యాదవ్వ, బిస్మిల్లా బీ కూర్చున్నారు. మర్నాడే మాలు ఇవ్వాలి. యాదవ్వకు ఇంకా ఆరువందల బీడీలు తక్కువున్నాయి. తెల్లవారుజాము నుంచి ఎవరూ నడుము వాల్చలేదు.

పంచాయతీ మైకు గరగరలాడింది.

"హలో... హలో... నేను చదివే ఇంటి నంబర్లల్ల మొగోళ్లు నాలుగు గంటలకు పంచాయతీ ఆఫీసుకాడికి రావాలె. మండలం నుంచి సారు వచ్చిండు." పంచాయతీలో పన్నులు వసూలు చేసే కారోబారు నాగయ్య గొంతు అది. "రెండు డ్యాష్ మూడు... రెండు డ్యాష్ తొమ్మిది..."

"షురూ చేసిండు పన్నుల పాట," అంది బిస్మిల్లా బీ. "నేనైతే కట్టిన. రసీదు మా ఆయన ఫోటో ఎనుక వెట్టిన. బతికున్నన్ని రోజులు ఒక్క పని చెయ్యలే, సచ్చినంక రసీదుకు కావలి కాస్తుండు."

యాదవ్వ నోట్లో దారం పట్టుకునే నవ్వింది.

ఆ ఊళ్లో మైకులో ఇంటి నంబరు వినిపించిందంటే ఇంటిపన్ను బాకీ ఉన్నట్టే. ఏటా ఆ చదువుడు విని విని ఎవరి గోడ మీద ఏ నంబరుందో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు.

"...రెండు డ్యాష్ నలభై ఒకటి..."

యాదవ్వ చేతిలో బీడీ ఆగింది. "గిదేంది? మొన్ననే కడితిమి గదా."

వినోద కత్తెర రేకు అంచు దాటి ఆకు నడిమిదాకా దిగింది. రెండు డ్యాష్ మూడు, తొమ్మిది, పదిహేడు, ఇరవై రెండు, నలభై ఒకటి. మైకు ఇంకా చదువుతోంది. తర్వాత వచ్చే నంబరేదో ఆమెకు ముందే తెలుసు. మొత్తం పదకొండు. అవి పన్ను బాకీ నంబర్లు కావు.

నెల కిందట ఫారానికి నలభై రూపాయల చొప్పున ఆమె ఒప్పుకున్న పని అది. రెండో వార్డులో ఎనభై ఇళ్లు. బయటికి ఆడవాళ్ల ఆరోగ్య సర్వే. లోపల పద్నాలుగో ప్రశ్న నుంచి ఇరవయ్యో ప్రశ్న దాకా ఇంట్లో దెబ్బల గురించి. శిక్షణలో హైదరాబాద్ నుంచి వచ్చిన మేడం రెండు రోజులు అదే చెప్పింది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఎవరైనా వస్తే పేజీ తిప్పి పిల్లల టీకాల గురించి అడగాలి. పేరు రాయొద్దు. ఒకటి నుంచి మొదలుపెట్టి ఇంటికో కొత్త నంబరు ఇవ్వాలి. ఏ నంబరు ఎవరిదో తెలిపే కాగితం సీలు వేసిన కవరులో ఉండాలి.

మేడం వెళ్లిపోయాక మండలం సూపర్‌వైజరు శ్యాంసుందర్ నవ్వాడు. "కొత్త నంబర్లు, మళ్ల దానికో జాబితా, దానికో కవరు... ఎందుకమ్మా గీ తిప్పలు? గోడ మీద పంచాయతీ నంబరు ఉండనే ఉన్నది. గదే ఎక్కియ్యుండ్రి. నాకు చెక్ చేసుడు అల్కగైతది."

వినోదకూ సులువే అనిపించింది. గోడ వైపు చూడటం, రాసుకోవడం. ఎనభై ఇళ్లలో ఒక్కచోట కూడా ఆమె చేయి ఆగలేదు.

ఫారంతో ఇంటికి వెళ్లిన రోజు యాదవ్వ మొదట వెనకాడింది. కొత్త కోడలిగా వినోద ఈ ఊరికి వచ్చినప్పుడు ఆకు మడత, బీడీ మూతి నొక్కడం నేర్పింది యాదవ్వే. "గివన్నీ రాసి ఏం జేస్తరు పిల్లా?" అని అడిగింది.

"లెక్కల ఎక్కుతయ్ అక్కా. ఏ ఊళ్లె ఎంతమంది అని తెలిస్తేనే ఒక మేడమ్‌ను వెడుతరు, అడిగేటోళ్లు వస్తరు. పేరు రాయం. నా మీద ఒట్టు."

బీడీలు చుట్టడం ఆపకుండానే యాదవ్వ అన్నీ చెప్పింది. ఎడమ చెవి ఎందుకు వినపడదో, చెల్లెలి పెళ్లికి ఎందుకు పోలేకపోయిందో చెప్పింది. మధ్యలో ఆమె మొగుడు సదానందం ఇంట్లోకి వచ్చాడు. వినోద గబుక్కున పేజీ తిప్పింది. "చిన్నోనికి తట్టు టీకా ఏయించినవా అక్కా?" యాదవ్వ చిన్నకొడుకు డిగ్రీ చదువుతున్నాడు. సదానందం గడప దాటి పోయాక ఇద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు.

*

నాలుగు గంటలకు పంచాయతీ ఆఫీసులో పదకొండు మంది మగవాళ్లు రసీదులు పట్టుకుని నిలబడ్డారు. సారు పిలిపిస్తే వచ్చిన వినోద కిటికీ పక్కన ఉంది. శ్యాంసుందర్ కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు.

"పన్ను గురించి కాదు. మీ ఇండ్లల్ల ఆడోళ్లను కొడుతుండ్రని సర్వేల వచ్చింది. మన ఊరు ఆదర్శ గ్రామం లిస్టుల ఉన్నది. అవార్డు వచ్చేటప్పుడు గిదేం లొల్లి? ఇంకోసారి కొట్టం అని అందరు గీ కాగితం మీద సంతకం వెట్టుండ్రి."

సదానందం తల తిప్పి కిటికీ వైపు చూశాడు. ఆ వెనక ఒకరొకరుగా మిగతావాళ్లూ చూశారు. సంతకాలు పెట్టి బయటికి పోతుంటే ఒకడు, "టీకాలు మంచిగ రాసినవమ్మా," అన్నాడు.

గది ఖాళీ అయ్యాక వినోద బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, పేర్లు బయటవెట్టం అని నేను ఒట్టేసి చెప్పిన."

"పేరు ఎవ్వరు చెప్పిండ్రు? మైకుల ఒక్క పేరన్న ఇన్నవా? నంబర్లే గదా." శ్యాంసుందర్ సంచిలోంచి ఫారాల కట్ట తీసి ముందుకు తోశాడు. "మొత్తం పన్నెండున్నయ్, ఒకటి ఖరాబైతే ఉంటదని ఎక్కువ వెట్టిన. ఆ పదకొండు ఇండ్లకు మళ్ల పో. 'తిరిగి విచారించగా హింస ఏమీ లేదని తెలిపినారు' అని రాసి సంతకాలు తే. రేపు పది గంటలకు మండలంల ఉండాలె. పదకొండును సున్నా జేసినమంటే ఊరికి మంచిది, నీకు మళ్ల పని దొరుకుతది."

*

తెల్లవారి వినోద పక్కింటి గడప దగ్గర నిలబడింది. యాదవ్వ అరుగు మీదికి రాలేదు. లోపలే, గోడ వైపు తిరిగి కూర్చుని ఎడమచేత్తో ఆకు కత్తిరిస్తోంది. వినోద దగ్గరికి వెళ్లాక ముఖం కనబడింది. కింది పెదవి చిట్లి నల్లగా ఉబ్బింది. కుడిచేతి రెండు వేళ్లకు గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ రెండు వేళ్లు లేకుండా బీడీ చుట్టడం కుదరదు. చేటలో నిన్నటి బీడీలు నిన్నటి లాగే ఉన్నాయి.

"అక్కా..."

"తే. ఏడ వెట్టాలె?"

ఆమె అడగకుండానే యాదవ్వ చేయి చాచి ఫారం తీసుకుంది. ఎడమచేత్తో వంకరగా సంతకం చేసింది. చదవలేదు.

"సారు గట్ల చేస్తడని నాకు తెల్వదు అక్కా. నిజంగ తెల్వదు."

"నీకు తెల్వకపోవచ్చు." పెదవి కదిపితే నొప్పి పుడుతున్నట్టుంది, మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. "గని ఒక్కటి చెప్పు. నిన్న నాగయ్య నలభై ఒకటి చదివిండు. దాని ఎనుక యాభై ఆరు చదివిండు. నలభై రెండు ఎందుకు చదవలే?"

రెండు డ్యాష్ నలభై రెండు వినోద ఇల్లు.

"నీకూ నాకూ నడిమిల ఒక్కటే గోడ. మంచిగున్న చెవి దిక్కే ఉన్నది ఆ గోడ. నీ మొగడు నిన్ను ఏ రోజు కొట్టిండో నీకన్న ఎక్కువ నాకు యాదికున్నది. నా దగ్గర అన్ని రాపిచ్చుకున్నవ్. నీది ఏం రాసినవ్?"

వార్డులో ఇళ్లన్నీ రాయాలి కాబట్టి తన ఇంటి ఫారం కూడా రాసింది. శిక్షణలో అది వేరే ఊరి మనిషితో రాయించాలన్నారు. శ్యాంసుందర్ "నీదే గదా, నువ్వే నింపు" అన్నాడు. అరనిమిషం పట్టింది. పద్నాలుగు నుంచి ఇరవై దాకా అన్నింటికీ 'లేదు'.

యాదవ్వ కత్తెర తీసుకుంది. "పో పిల్లా. ఆకు ఎండుతది."

*

వినోద ఇంకో గడప తొక్కలేదు. ఇంటికి వచ్చేసరికి మొగుడు పరశురాములు పీట మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. ట్రాక్టరు మీదికి పోయేముందు అతనికి రోజూ రెండు జొన్నరొట్టెలు కావాలి.

"నిన్న హోటల్ కాడ ఒకటే నవ్వుడు," అన్నాడు తింటూనే. "సదానందం మొకం చూడాలె నువ్వు. మన నంబరు రాలే. ఊళ్లె ఇజ్జత్ నిలవెట్టినవ్ పో. కారం తే."

ఆమె కారం తెచ్చి పళ్లెంలో వేసింది. తర్వాత బియ్యం డబ్బా మూత మీద ఫారాల కట్ట పెట్టుకుని కూర్చుంది. యాదవ్వ సంతకం చేసింది ఒకటి. దాన్ని చింపాలనిపించింది, చేయి రాలేదు. అది యాదవ్వ చేసిన సంతకం. మిగతా పది ఖాళీ ఫారాలను అలాగే మడిచింది. పన్నెండోది ముందు పెట్టుకుంది.

ఇంటి నంబరు దగ్గర 2-42 అని రాసింది. 'తిరిగి విచారించగా' అన్న అచ్చు అక్షరాల పక్కన పెన్ను కొంతసేపు నిలిచింది. తర్వాత రాసింది. ఏ నెలలో, దేనితో, ఒంటి మీద ఎక్కడ అని రాసింది. గీతలు అయిపోతే కాగితం అంచున రాసింది. కింద, సంతకం అడిగిన చోట, పేరు మొత్తం రాసింది.

"ఇంక ఏం రాస్తున్నవే? అయిపోలేదా నీ సర్వే?"

ఆమె కట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. మండల కేంద్రం చెన్నూరుకు పోయే జీపు తొమ్మిదింటికి. చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"ఏమే, నిన్నే! ఏడికి?"

వినోద వెనక్కి చూడకుండా గడప దిగింది. పక్కింటి గోడ మీద నలభై ఒకటి లేదు. అక్కడ కత్తెర మొనతో గీకిన సున్నం, కింద తెల్లటి పొడి. లోపల కత్తెర చప్పుడు ఆమె అడుగులకు ఒక్కసారి ఆగింది. మళ్లీ మొదలైంది.