రతన్‌ఖేడీ కంటి శిబిరం

నజఫ్‌గఢ్ దాటి హర్యానా వైపు పోయే దారిలో గోదాములూ ఇటుక బట్టీలూ అయిపోయాక, ఆవాల చేల మధ్య రతన్‌ఖేడీ అనే చిన్న ఊరుంది. ఢిల్లీ ద్వారకలోని తెలుగు సంఘం వాళ్ళు ఏటా చలికాలం మొదట్లో ఆ ఊరికి వెళ్ళి దుప్పట్లు పంచి వచ్చేవారు. వాళ్ళకు ఆ ఊరిని చూపించింది నాగమల్లేశ్వరి.

ఆమెది గిద్దలూరు దగ్గర పల్లె. భర్త మల్లికార్జున సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యాడు. ఆమె కంటోన్మెంట్ దగ్గర ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు ఆపరేషన్ థియేటర్ నర్సుగా పనిచేసింది. అక్కడే రతన్‌ఖేడీకి చెందిన సత్‌బీర్ అనే సిపాయి తొడ ఎముక విరిగి మంచాన పడి ఉన్నప్పుడు, అతని తల్లి ధన్‌పతి వరండాలోనే మకాం పెట్టింది. కొడుక్కి తెచ్చిన నెయ్యి చూర్మా, నలిపిన రొట్టెల తీపి ముద్దలు, పక్క మంచాల వాళ్ళకి కూడా పెట్టేది. నర్సులు వద్దంటే వాళ్ళ నోట్లో కూడా ఒక ముద్ద కుక్కేది. యాభై దాటిన నాగమల్లేశ్వరిని ‘ఛోరీ’ అని పిలిచేది, అంటే పిల్లా అని. కొడుకు లేచి నడిచి వెళ్ళిపోయాక కూడా ఆ పిలుపు ఆగలేదు. పంట చేతికొస్తే ఫోను, గేదె ఈనితే ఫోను. నాగమల్లేశ్వరి ఆమెను ‘తాయీ’ అనేది. ఆ పల్లెల్లో పెద్దమ్మను అలాగే పిలుస్తారు.

ఒక ఏడాది దుప్పట్లు పంచుతుండగా నాగమల్లేశ్వరి ఒక సంగతి గమనించింది. ముసలివాళ్ళు చాలామంది దుప్పటి ఎక్కడుందో చేత్తో తడుముకుని అందుకుంటున్నారు. దగ్గరికి వెళ్ళి కళ్ళు చూసింది. శుక్లాలు. ధన్‌పతికి కుడికన్ను పూర్తిగా తెల్లబడింది, ఎడమకన్నులో పొర అప్పుడే మొదలయింది. వెనక వీధిలో ఫూల్‌వతి అనే వితంతువు ఉండేది. ఒంటరి మనిషి. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది, రెండోదాంట్లో శుక్లం. గోడ పట్టుకుని నడుస్తుంది. వీళ్ళకు కావలసింది దుప్పటి కాదని నాగమల్లేశ్వరికి అనిపించింది.

సంఘం అధ్యక్షుడు హరనాథ్ గురుగ్రామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. మాట చురుకు, పని ఇంకా చురుకు. ఆమె అడిగిన నెలలోనే ఒక ట్రస్టు ఆసుపత్రితో మాట్లాడి ఉచిత ఆపరేషన్లకు ఒప్పించాడు. బస్సు, మందులు, నల్ల కళ్ళద్దాలు సంఘానివి. వచ్చే నవంబరులో శిబిరం అని రోజు కూడా పెట్టేశాడు.

రతన్‌ఖేడీలో మాత్రం ఒక్కరూ పేరు ఇవ్వలేదు. ఉన్న గుడ్డి చూపు చాలంది ఫూల్‌వతి. మగవాళ్ళు రచ్చబండలాంటి చౌపాల్‌లో హుక్కా చుట్టూ కూర్చుని, ఊరికే చేసేదాని వెనక ఏదో ఉండకుండా ఉంటుందా అన్నారు. నాగమల్లేశ్వరి వరసగా చాలా రోజులు బస్సెక్కి వెళ్ళింది. ధన్‌పతి ఒప్పుకుంటే తతిమ్మా ఆడవాళ్ళు వస్తారని ఆమెకు తెలుసు. పెళ్ళయినా పురుడయినా ఆ ఊళ్ళో అందరూ ముందు చూసేది ధన్‌పతి గడప వైపే.

"కోసినాక ఉన్నది కూడా పోతే?" అని అడిగింది ధన్‌పతి.

"పోదు తాయీ. నేను ఇలాంటివి ఎన్నో చూశాను. నేను నీ పక్కనే ఉంటాను."

ధన్‌పతి పిడకలు చేస్తున్న చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంది. "నువ్వుంటానంటే వస్తాను, ఛోరీ," అంది. ఆ సాయంత్రానికి ఊళ్ళో డజనుమంది దాకా పేర్లిచ్చారు. ఫూల్‌వతి అందరికన్నా చివర ఇచ్చింది.

ఆపరేషన్ల రోజు ట్రస్టు ఆసుపత్రి గేటుకు సంఘం బ్యానరు కట్టారు. ముఖ్య అతిథిగా ఎవరో వచ్చి దీపం వెలిగించారు. నాగమల్లేశ్వరి థియేటర్‌లోకి వెళ్ళబోతే బయటివాళ్ళకు అనుమతి లేదన్నారు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ధన్‌పతిని లోపలికి తీసుకువెళ్ళినప్పుడు తలుపు రెక్క కాసేపు తెరుచుకుని ఉంది. ముందు మనిషికి వాడిన పనిముట్లను ఒక పళ్ళెంలోని ద్రవంలో ముంచి తీసి, అవే తర్వాతి మనిషి బల్ల దగ్గర పెట్టడం ఆమె కంటపడింది. క్రిములు చచ్చేలా ఆవిరి యంత్రంలోకి పంపలేదు. పనిముట్లు శుద్ధి చేయించడం ఆమె జీవితమంతా చేసిన పని. ఇలా ముంచి వాడకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బయటికి వచ్చిన టెక్నీషియన్‌ను ఆపి అడిగింది. అతను నవ్వి, రోజూ ఇలాగే చేస్తామనీ, మందు చాలా బలమైనదనీ చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె హరనాథ్ కోసం చూసింది. అతను అతిథికి శాలువా కప్పుతున్నాడు. లోపల ధన్‌పతి అప్పటికే బల్ల మీద ఉంది. ఇప్పుడు ఆపించి గొడవ చేస్తే ఈ ఆడవాళ్ళు మళ్ళీ జన్మలో ఆసుపత్రి మొహం చూడరనుకుంది నాగమల్లేశ్వరి. వీళ్ళ పద్ధతులు మారి ఉండవచ్చు, నేను మానేసి చాలా కాలమయింది కదా అని కూడా అనుకుంది. ఏమీ అనకుండా బెంచీ మీద కూర్చుంది.

కట్లు విప్పిన పొద్దున అందరికీ కనిపించింది. ధన్‌పతి మనవడి గడ్డం పట్టుకుని, నీకు మీ తాత ముక్కొచ్చిందిరా అంది. ఫూల్‌వతి తన రెండు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆ ఫోటోలు సంఘం వాట్సాప్ గ్రూపులో రోజంతా తిరిగాయి.

మర్నాడు ధన్‌పతి కోడలు సునీత ఫోను చేసింది. అత్తకు కంట్లో నిప్పు పోసినట్టుందట, తల గోడకేసి కొట్టుకుంటోందట. నాగమల్లేశ్వరి టాక్సీలో వెళ్ళేసరికి ధన్‌పతి చాపమీద ముడుచుకుని ఉంది. రెప్ప ఎత్తి చూస్తే కంటి నిండా చీము. అక్కణ్ణించి ఆమె ఒక్కో ఇంటికీ పరుగెత్తింది. సగానికి పైగా ఇళ్ళలో అదే మూలుగు.

హరనాథ్ ఫోను ఎత్తలేదు. మల్లికార్జున తనకు తెలిసిన వాళ్ళను పట్టుకుని రెండు బళ్ళు పంపించాడు. అందరినీ ఢిల్లీలో పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు. అక్కడి డాక్టర్లు కళ్ళలోకి సూదులు వేశారు, మళ్ళీ కోసి కడిగారు. కొందరికి వెలుతురు మిగిలింది. ఫూల్‌వతికి ఉన్న ఒక్క కన్నూ ఆరిపోయింది. ధన్‌పతి కన్ను తీసేయాలన్నారు. ఆ మాట ఆమెకు చెప్పడానికి సత్‌బీర్‌కు నోరు రాలేదు. వరండాలో గోడకు తల ఆనించి నిలబడిపోయాడు. నాగమల్లేశ్వరే వెళ్ళి మంచం పక్కన కూర్చుంది.

"తాయీ, ఆ కన్ను ఉంచకూడదంటున్నారు."

ధన్‌పతి ఆమె వైపు తల తిప్పింది. "తీయకపోతే?"

"విషం తలకు పాకుతుంది. ప్రాణానికే ముప్పు."

"ఇదీ నువ్వే చెబుతున్నావు," అంది ధన్‌పతి. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదని నాగమల్లేశ్వరికి అనిపించింది. కాసేపటికి ముసలామె బొటనవేలు ముందుకు చాచింది. సునీత ఆ వేలికి సిరా రాసి కాగితం మీద ఒత్తించింది.

పేపర్లలో వార్త వచ్చింది. జిల్లా అధికారులు విచారణ మొదలుపెట్టారు. అప్పుడు హరనాథ్ ఆమెను అశోకా రోడ్‌లో ఒక భోజన హోటలుకు పిలిచాడు. సంఘం పెద్దలు మరో ఇద్దరు కూడా వచ్చారు. అరిటాకులో పప్పు, గోంగూర పెట్టి వెళ్ళారు గానీ ఆమె చెయ్యి పెట్టలేదు. హరనాథ్ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆపరేషన్లు చేసింది ఆసుపత్రి. సంఘం బస్సు పెట్టిందంతే. బాధితులకు ట్రస్టు వాళ్ళు ఏదో ఇస్తారు. ఈలోగా ఊరికి ఎవరూ వెళ్ళకపోవడం మంచిదని లాయరు చెప్పాడు.

"మీరు లోపల ఏదో చూశానని మా ఆవిడతో అన్నారట. అది ఎక్కడా అనొద్దు ఆంటీ. చూసి ఊరుకున్నారని మొదట మిమ్మల్నే పట్టుకుంటారు. లీగల్‌గా మనందరం ఇరుక్కుంటాం."

"చూసి ఊరుకుంది నిజమే గదా, హరనాథ్ గారూ."

"ఇన్నేళ్ళ సర్వీస్ అంతా ఒక్క మాటతో పోతుంది. ఇంకో పది ఊళ్ళకి చేయగలిగింది ఆగిపోతుంది. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించండి."

హరనాథ్ చెడ్డవాడు కాదు. కరోనా రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్లు తన కారులో వేసుకుని ఇంటింటికీ తిరిగినవాడు. అతను కూడా ఆకులో చెయ్యి పెట్టలేదని ఆమె చూసింది. "ఆ ముసలమ్మను ఇంట్లోంచి తెచ్చింది నేను. నేను చెప్పకుండా ఎట్టా ఉండేది?" అని లేచి వచ్చేసింది.

ఇంటికి వచ్చి భర్తతో చెప్పింది. మల్లికార్జున అంతా విని, చెప్పు అన్నాడు. అయితే విచారణ గదిలో చెప్పడానికి ముందు ఆ ఊరి వాళ్ళకు చెప్పమన్నాడు. పేపర్లో చదివి తెలుసుకోవడం వాళ్ళకు ఇంకా పెద్ద దెబ్బ అన్నాడు.

ఆమె ఒక్కతే వెళ్ళింది. చౌపాల్‌లో మగవాళ్ళు ఉన్నారు, అరుగు కింద ఆడవాళ్ళు కొంగు ముసుగులతో కూర్చున్నారు. ఆమె నిలబడే చెప్పింది. ఏం చూసిందో, ఎవరిని అడిగిందో, తర్వాత ఎందుకు ఊరుకుందో, అంతా తనకు వచ్చిన హిందీలో చెప్పింది. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. ఆడవాళ్ళలో ఒకామె చిన్నగా ఏడవడం మొదలుపెట్టింది. హుక్కా పీలుస్తున్న పెద్దమనిషి గొట్టం పక్కన పెట్టి నేల వైపు చూశాడు.

సత్‌బీర్ కుంటుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రిలో ఆమె చెయ్యి పట్టుకుని మొదటి అడుగు వేసినవాడు.

"మీరు వెళ్ళండి, బహన్‌జీ," అన్నాడు. "ఊళ్ళో కుర్రాళ్ళు వేడిమీద ఉన్నారు. మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటే ఆపాలని నాకు ఇప్పుడు లేదు."

ఆమె రోడ్డు దాకా నడిచి వచ్చి బస్సు కోసం నిలబడింది. వెనక ఎవరూ రాలేదు.

విచారణలో కూడా ఆమె అదే చెప్పింది. ఆసుపత్రి థియేటరుకు కొన్నాళ్ళు తాళం పడింది. టెక్నీషియన్‌ను పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత రంగులు వేసి థియేటరు మళ్ళీ తెరిచారు. సంఘం ఆమెను తీసేయలేదు, పిలవడం మానేసింది. ఆ ఏడాది దుప్పట్లు యమునకు అటువైపు వేరే ఊళ్ళో పంచారు. ఒకే అపార్టుమెంటులో ఉండే హరనాథ్ భార్య లిఫ్టులో ఎదురుపడితే, మాట కలపకుండా ఫోను చూసుకునేది.

రతన్‌ఖేడీ తన వాళ్ళను తానే చూసుకుంది. చూపు పోయిన ఇళ్ళకు వీధివాళ్ళు వంతులు వేసుకుని రొట్టెలు, మజ్జిగ పంపించారు. ఫూల్‌వతి ఇంటి నుంచి చేతిపంపు దాకా ఒక తాడు కట్టారు. పట్టుకుని వెళ్ళి రావడానికి. కానీ బయటివాళ్ళంటే ఊరికి నమ్మకం పోయింది. పిల్లలకు పోలియో చుక్కలు వేయడానికి వచ్చిన ఆరోగ్య కార్యకర్తలను కూడా ఊరి మొదట్లోనే ఆపి పంపించేశారు. ఆ సంగతి సునీత ఫోనులో నాగమల్లేశ్వరికి చెప్పింది.

జనవరి పొగమంచులో ఒక పొద్దున ఫూల్‌వతి తాడు వదిలేసి ఎటో నడిచింది. ఎందుకు వదిలిందో ఎవరికీ తెలియదు. ఆవాల చేను గట్టు పక్కన కాలవలో శవమై దొరికింది. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. ఎటు గట్టెక్కాలో తెలియక అక్కడే తిరుగాడినట్టు బురదలో చేతి గుర్తులు ఉన్నాయట. నాగమల్లేశ్వరి వస్తానంటే సునీత వద్దంది. ఇప్పుడు కాదు దీదీ అంది.

ఎండలు ముదరక ముందు ఒక రోజు ఆమె వెళ్ళింది. ముందుగా ఎవరికీ చెప్పలేదు. సునీత తలుపు తీసి, ఒక్క క్షణం నిలబడి, పక్కకు తప్పుకుంది. ధన్‌పతి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని పప్పు ఏరుతోంది. కుడికన్ను ఉండే చోట రెప్ప లోపలికి కుంగిపోయింది. ఎడమకన్ను మీద పొర దట్టమయింది. రాళ్ళను చూసి కాక వేళ్ళతో తడిమి ఏరుతోంది.

"ఎవరు?"

"నేను తాయీ."

ధన్‌పతి చేట పక్కన పెట్టలేదు. "కూర్చో," అంది.

నాగమల్లేశ్వరి ఆమె పక్కన కూర్చుని, తనకు తెలియకుండానే ఆ ఎడమకన్ను చూడసాగింది. ఆపుకోవాలనుకుంది గానీ చేతకాలేదు. పెద్దాసుపత్రిలో మంచి డాక్టరు ఉన్నాడనీ, మొదటినుంచి చివరిదాకా థియేటర్‌లో తనే నిలబడేటట్టు మాట్లాడుకుంటాననీ చెప్పింది. ఇంకో ఏడాది ఆగితే ఇది కూడా మూసుకుపోతుందని చెప్పింది. ధన్‌పతి అంతా విన్నది.

"నాకు తెలుసు," అంది. "పొద్దున్నే గేదె దగ్గరికి పోతే కొమ్ము కనబడదు, పొట్ట కనబడుతుంది. రేపు అదీ కనబడదు." చేటలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది. "నువ్వు మంచిదానివే, ఛోరీ. చౌపాల్‌లో నిలబడి చెప్పావు, మా ఊళ్ళో మగవాళ్ళు కూడా అట్లా చెప్పరు. కానీ నీ మాట నేనిక వినను. ఫూల్‌వతి నన్ను చూసి వచ్చింది. నేను నిన్ను చూసి వచ్చాను."

నాగమల్లేశ్వరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుంది. ముసలామెకు అది కనబడలేదు. సునీత ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి మంచం కోడు పక్కన నేలమీద పెట్టి వెళ్ళింది.

ధన్‌పతి చేటను సగం ఆమె వైపు జరిపింది. ఇద్దరూ ఎండ గోడ దిగేదాకా పప్పు ఏరారు. పొలంనుంచి సత్‌బీర్ వచ్చాడు. ఆమెను చూసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఆఖరి బస్సు వేళకు నాగమల్లేశ్వరి లేచింది. మళ్ళీ వస్తానని చెప్పింది. రమ్మనీ వద్దనీ ధన్‌పతి అనలేదు.