కొలువులో పడిపోయినవాళ్ళు

ఈ దసరాకు మా బొమ్మల కొలువు కింది మెట్టు మీదికి స్పెయిన్ వచ్చింది. పైన సీతారాములూ, దశావతారాలూ, పచారీ కొట్టు శెట్టిగారూ. కింద ఎనిమిది వందల ఏళ్ళ నాటి యుద్ధం. ఒకవైపు శిలువ జెండాలతో ముగ్గురు క్రైస్తవ రాజులు, ఎదురుగా మొరాకో నుంచి సముద్రం దాటి వచ్చిన ముస్లిం ఖలీఫా సైన్యం. ఖలీఫా గుడారం చుట్టూ కాపలావాళ్ళు, పారిపోకుండా గొలుసులతో కట్టేసి ఉంటారు. లాస్ నవాస్ అనే చోట జరిగిందట. నాకెలా తెలుసంటారా? మా ఆయన శశికాంత్ భోజనాల దగ్గర చెప్పి చెప్పి చంపేవాడు.

పగలంతా కార్ల కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాసేవాడు. ఇంటికొచ్చాక బేస్‌మెంట్‌లో కూర్చుని వేలెడంత కూడా లేని సైనికుల బొమ్మలకు రంగులేసేవాడు. దేశం కాని దేశంలో మేముండే ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో అందరి మొగుళ్ళూ క్రికెట్ చూసుకుంటుంటే నాకే ఇలాంటివాడు దొరికాడని విసుక్కునేదాన్ని. చివరి చలికాలమంతా చచ్చిపోయినవాళ్ళకే రంగులేశాడు. వెల్లకిలా పడినవాడు, బోర్లా పడినవాడు, గుర్రం కింద నలిగినవాడు. రెండు వైపులవాళ్ళ మీదా అంతే శ్రద్ధ. నిరుడు ఫిబ్రవరిలో ఆఫీస్ పార్కింగ్‌లాట్‌లో గుండె ఆగి ఆయనే పోయాడు.

ఏటి సూతకమని పోయిన దసరాకు కొలువు లేదు. ఈసారి మా మైత్రి తనే పెడతానంది. పదిహేనేళ్ళది. డాడీ యుద్ధం కూడా పెడతానంటే సరేనన్నాను. తీరా చూస్తే పడిపోయినవాళ్ళందరినీ మెట్టు నిండా పరిచింది.

"ఇలా పెట్టకూడదే. కొలువు ఉన్నన్నాళ్ళూ ఒక్క బొమ్మనీ పడుకోబెట్టకూడదు. ఆఖరి రోజు ఒకదాన్ని పడుకోబెడితే ఇక కొలువు అయిపోయినట్టు."

"వాళ్ళు పడుకోలేదమ్మా. దే ఆర్ డెడ్."

"శుభమా అని కొలువు పెట్టుకుని ఆ మాటలేంటి? తీసెయ్."

"డాడీ అలాగే చేశాడు. ఎవరూ చావకపోతే అది బ్యాటిల్ కాదు, పరేడ్."

అది స్కూల్‌కి వెళ్ళాక నేనే తీసేసి, మిఠాయి డబ్బాలో వేసి అల్మారాలో పెట్టాను. సాయంత్రం వచ్చి చూసింది. తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అరిచి గోల చేసినా బాగుండేది. ఆయన పోయినప్పటి నుంచీ ఇంతే, అన్నం పెట్టాననీ రైడ్ కావాలనీ తప్ప మా మధ్య మాటల్లేవు. ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళ్ళిపోతుంది. ఈలోపు నాతో మాట్లాడకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడదని నాకు భయం.

శనివారం మధ్యాహ్నం పేరంటం. భర్త పోయినదాన్ని, నేను బొట్టు పెడితే బాగుండదని మైత్రే కుంకుమ భరిణె పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళింది. నేను శనగల గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడ నిలబడమని ఎవరూ అనలేదు. వచ్చి కూర్చోమనీ అనలేదు.

మా స్నేహితురాలు ఉమ కింది మెట్టు ముందు వంగి చూసింది. "అబ్బ, ఎంత ఓపికో మీ డాడీకి! ఎవరు గెలిచారే ఇందులో?"

"క్రిస్టియన్స్, ఆంటీ."

"ఇదేం యుద్ధమే, ఒక్కడికీ దెబ్బ తగల్లేదు!" అని నవ్వింది.

"చచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు ఆంటీ. అమ్మ దాచేసింది." మైత్రి తలెత్తి నా వైపు చూసింది. "డాడీని కూడా అలాగే దాచేసింది."

ఆయన దహనం రోజు, ఆడపిల్లని అలాంటి చోటుకి తీసుకురావద్దన్నారు పెద్దవాళ్ళు. చాండ్లర్ నుంచి విమానంలో మా మరిది జగన్మోహన్ వచ్చి కర్మ చేశాడు. మైత్రిని ఉమ ఇంట్లో ఉంచాం. తండ్రిని అది చూడనేలేదు.

"స్లీప్ అవుతున్నట్టే ఉన్నాడని అందరూ చెప్పారు. నిజమేనా?" అని అడిగింది.

"నిజమేనమ్మా, హాయిగా నిద్రపోతున్నట్టే..." అని ఉమ అందుకుంది. మైత్రి ఆమె వైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

నేను గిన్నె కింద పెట్టాను.

"లేదు. నిద్రపోతున్నట్టు లేడు. పడ్డప్పుడు నుదురు చీరుకుపోయింది. దాని మీద ఏదో పౌడర్ అద్దారు. మీ డాడీ రంగు కాదది. పెదవులు ఎవరివో అనిపించాయి. చెయ్యి పట్టుకుంటే వేళ్ళు వంగలేదు."

"చంద్రికా, పండగపూట ఏంటిది!" అన్నారెవరో వెనక నుంచి.

మైత్రి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఏ చెయ్యి?"

"కుడిచెయ్యి."

"చల్లగా ఉందా?"

"చాలా చల్లగా ఉంది."

"ఇంకా చెప్పమ్మా," అంది. అవతల పేరంటాళ్ళు ఒక్కొక్కరే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను చెబుతూనే ఉన్నాను.